తిరగలి తిరుగుతుంది, కవ్వం మళ్ళుతుంది

విజువల్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది. "నా దగ్గర ఒక విలువ ఉంది. అది లూప్‌లో పెరుగుతూ తగ్గుతూ ఊగుతోంది. అది దిశ మార్చుకున్న క్షణం నాకు తెలియాలి. ఏ నోడ్ వాడాలి?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చాలాసార్లు ఈ ప్రశ్నకి జవాబు చెప్పకూడదు, ప్రశ్ననే మార్చాలి. ఆ ఊగే విలువని పుట్టించింది మనమే. ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తగ్గాలో దానికి చెప్పిందీ మనమే. అలాంటిది అది తెర మీదకొచ్చాక దాని వెనకాల పరిగెత్తి "అమ్మా, ఇప్పుడు మళ్ళావా?" అని అడగడమేంటి? చేతికి వాచీ పెట్టుకుని, గోడ మీద నీడ చూసి టైం చెప్పినట్టుంది.

కవితల కోసం ఈ మ్యాగజైన్ తెరిచినవాళ్ళు అప్పుడే పేజీ మూసేయకండి. ఇందులో లెక్కలు కొన్ని ఉన్న మాట నిజమే కానీ, అసలు గొడవ ఒక తెలుగు క్రియ దగ్గరుంది. అక్కడికొస్తా.

ముందు మిగతా బ్రాంచిల వాళ్ళ కోసం రెండు ముక్కలు. విజువల్ ప్రోగ్రామింగ్ అంటే కోడ్ లైన్లు టైప్ చేయకుండా డబ్బాలు పెట్టి వాటి మధ్య వైర్లు లాగడం. ఒక్కో డబ్బా ఒక నోడ్. ఎడమ నుంచి విలువ లోపలికెళ్తుంది, ఏదో ఒక పని జరుగుతుంది, కుడి నుంచి బయటికొస్తుంది. టచ్‌డిజైనర్, జర్మనీలో పుట్టిన వీవీవీవీ, సంగీతం వాళ్ళు వాడే మ్యాక్స్, దాని ఉచిత తమ్ముడు ప్యూర్ డేటా, బ్లెండర్‌లోని జామెట్రీ నోడ్స్, అన్నీ ఈ కుటుంబమే. ఈసీఈ, ట్రిపుల్‌ఈ వాళ్ళకి ల్యాబ్‌వ్యూ, సిమ్యులింక్ తెలిసే ఉంటాయి. అవీ ఇవే. స్టేజి వెనకాల ఎల్‌ఈడీ గోడ మీద కదిలే బొమ్మల్లో చాలావాటి వెనక ఇలాంటి డబ్బాలూ వైర్లే ఉంటాయి.

ఇందులో అందరూ ముందు పట్టుకునే నోడ్ ఎల్‌ఎఫ్‌ఓ. పేరు సింథసైజర్ల నుంచి వచ్చింది, నెమ్మదిగా ఊగే ఆసిలేటర్ అని అర్థం. సైన్ వేవ్ కావాలంటే ఇస్తుంది, త్రికోణం కావాలంటే ఇస్తుంది, ర్యాంప్ కావాలంటే ఇస్తుంది. ఒక వైర్ లాగి బొమ్మ ఎత్తుకి కలిపితే బొమ్మ ఎగురుతుంది. మొదటిరోజు చాలా ఆనందంగా ఉంటుంది. రెండోరోజు, "పైకెళ్ళినప్పుడు ఎర్రరంగు, కిందికొచ్చేటప్పుడు నీలంరంగు కావాలి" అనిపిస్తుంది. అక్కడ పైన చెప్పిన ప్రశ్న పుడుతుంది.

ఇప్పుడు ఆ క్రియ సంగతి. తెలుగులో "తిరిగింది" అనే మాట చూడండి. ఫ్యాన్ తిరిగింది. బస్సు మలుపు తిరిగింది. వాడు వెనక్కి తిరిగాడు. ఊరంతా తిరిగాడు. అప్పిచ్చిన డబ్బు తిరిగొచ్చింది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఇవన్నీ ఐదు వేర్వేరు మాటలుగా బుర్రలో ఉండేవి. తెలుగులో రాయడానికి కూర్చున్నప్పుడే అన్నీ ఒకే వేరు మీద మొలిచాయని కనిపించింది. ఎంత చిత్రం అంటే, లూపింగ్ యానిమేషన్‌లో అందరూ పడే తికమక అచ్చం ఇదే. గుండ్రంగా తిరగడం వేరు, వెనక్కి తిరగడం వేరు. విలువ మాత్రం రెండిటినీ ఒకేలా చెబుతుంది.

మా అమ్మమ్మ ఇంట్లో వసారా మూలన తిరగలి ఉంది, ఇప్పుడెవరూ వాడరు. దాని పిడి పట్టుకుని తిప్పుతూ పోతే ఒకే వైపు తిరుగుతుంది. మొదలుపెట్టిన చోట సుద్దతో గీత గీశామనుకోండి, ఎంత దూరం తిరిగిందో సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తున్నామనుకోండి. 0.97, 0.98, 0.99, మళ్ళీ 0.00. అంకె ధబేల్మని కింద పడింది. రాయి పడిందా? లేదు. రాయి వెనక్కి తిరిగిందా? అదీ లేదు. గీత దాటింది, అంతే. అదే కవ్వమైతే వేరు. తాడు చుట్టి రెండు చేతులతో మార్చి మార్చి లాగుతుంటే, ఒకసారి ఇటు, ఒకసారి అటు. అక్కడ ప్రతి లాగుకీ నిజంగానే దిశ మారుతుంది. ర్యాంప్ వేవ్ తిరగలి. సైన్, త్రికోణం కవ్వాలు. "తిరిగింది" అనే ఒక్క మాటతో రెండిటినీ కొలవబోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఈ వ్యాసంలో ఇక్కణ్ణుంచి వెనక్కి తిరగడాన్ని "మళ్ళడం" అనే అంటాను. పశువులు ఇంటికి మళ్ళాయి అంటామే, ఆ మళ్ళడం.

అందరూ చెప్పే పద్ధతి తీసివేత. ఇప్పటి విలువలోంచి పోయిన ఫ్రేమ్ విలువ తీసేయ్. ప్లస్ వస్తే పెరుగుతోంది, మైనస్ వస్తే తగ్గుతోంది, గుర్తు మారితే మళ్ళింది. టచ్‌డిజైనర్‌లో స్లోప్ చాప్ ఉన్నది ఇందుకే. మ్యాక్స్‌లో చేంజ్ టిల్డా అనే ఆబ్జెక్ట్ సిగ్నల్ పెరిగితే 1, తగ్గితే మైనస్ 1, మారకపోతే 0 ఇస్తుంది. సిమ్యులింక్‌లో డిటెక్ట్ ఇంక్రీజ్, డిటెక్ట్ డిక్రీజ్ అని బ్లాకులే ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఇంతకన్నా సింపుల్ ఏముంది అనిపిస్తుంది.

కానీ దీనికి చిల్లులున్నాయి. తిరగలి చిల్లు చూశాం. 0.99 నుంచి 0.00కి దూకినప్పుడు తేడా మైనస్ 0.99, అంటే నోడ్ దృష్టిలో పెద్ద మళ్ళింపు. దీనికి మందు తెలిసిందే. తేడా మైనస్ 0.5 కన్నా తక్కువుంటే ఒకటి కలుపు, 0.5 కన్నా ఎక్కువుంటే ఒకటి తీసెయ్. అయితే ఈ మందు ఒక షరతు మీదే పనిచేస్తుంది. ఒక ఫ్రేమ్‌లో సగం చుట్టు కన్నా ఎక్కువ తిరగకూడదు. తిరిగితే ముందుకి పోయిందో వెనక్కి పోయిందో చెప్పడం ఎవరివల్లా కాదు. పాత పౌరాణిక సినిమాల్లో రథం ముందుకి దూసుకుపోతుంటే చక్రం ఆకులు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి చూడండి. సెకనుకి 24 ఫ్రేములు తీసే కెమెరాకి కూడా ఈ షరతే.

కొన దగ్గర ఇంకో చిల్లు ఉంది. శిఖరానికి అటొకటి ఇటొకటి పడిన రెండు ఫ్రేములు ఒకే విలువ చూపించొచ్చు. తేడా సున్నా. ప్లస్, సున్నా, మైనస్ అని వరస వస్తుంది. పక్కపక్క రెండు గుర్తుల్ని గుణించి చూసే పాచ్‌లో ప్లస్‌ని సున్నాతో గుణిస్తే సున్నా, సున్నాని మైనస్‌తో గుణిస్తే సున్నా. మళ్ళింపు మాయం. ఇది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, ప్రాక్టీసులో జరగదు, షో రోజున జరుగుతుంది. చివరిసారి వచ్చిన సున్నా కాని గుర్తుని దాచిపెట్టుకుని దాంతో పోల్చాలి.

ఇవన్నీ పూడ్చగలిగేవే. పూడ్చలేనిది ఒకటుంది, నా అభిప్రాయానికి అసలు కారణం కూడా అదే. పోయిన సెమిస్టర్ కల్చరల్ నైట్‌లో ఎదురైన ఉదాహరణతోనే చెప్తా.

అట్లతద్ది మీద డాన్స్. వెనక తెర మీద చెట్టుకి కట్టిన పెద్ద ఉయ్యాల ఊగుతుంది. ఉయ్యాల ప్రతి కొనకి చేరినప్పుడు ఒక గంట మోగాలి, ఆ గంట మీదే డాన్సర్లు అడుగు వేయాలి. ఒక ఊపు అటు ఇటు కలిపి 4 సెకన్లు. (4 మీటర్ల తాడుతో కట్టిన ఉయ్యాలకి లోలకం సూత్రం ప్రకారం దాదాపు అంతే వస్తుంది. ఎవరు పెట్టారో కానీ బాగా పెట్టారు.) ఆ పాచ్ మేం కట్టింది కాదు, అంతకుముందు ఒక టీం చేసినది చేతులు మారి మాదాకా వచ్చింది. అందులో ఉయ్యాల విలువ మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా ఊగే సైన్ వేవ్. మరీ యంత్రంలా కాకుండా గాలికి కదిలినట్టుండాలని దానికి కొంచెం నాయిస్ కలిపారు. అలా కలిపిన విలువ మీద తీసివేత పద్ధతి పెట్టారు.

రిహార్సల్స్‌లో రెండు రోజుల పాటు ఒక ఫస్టియర్ అమ్మాయికి చీవాట్లు పడ్డాయి. "తాళం తప్పుతున్నావ్, గంట కన్నా ముందే వేస్తున్నావ్" అని. ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది. "గంటే లేటుగా మోగుతోందన్నా, ఉయ్యాల చూసి వేస్తున్నా నేను" అంటుంది. ఎవరూ వినలేదు. కంప్యూటర్ లేటవుతుందా, మనిషి తొందరపడుతుందా అంటే మనం కంప్యూటర్ వైపే మాట్లాడతాం కదా. మూడోరోజు వరసలో వెనక్కి పంపేస్తామన్నారు. అప్పుడు లెక్క వేశాం.

సెకనుకి 60 ఫ్రేములు. 4 సెకన్ల ఊపులో 240 ఫ్రేములు. ఒక ఫ్రేమ్‌కి డిగ్రీన్నర. ఉయ్యాల మధ్యలో ఉన్నప్పుడు ఒక ఫ్రేమ్‌లో విలువ దాదాపు 0.026 కదులుతుంది. అదే కొన దగ్గర? 0.0003. అంటే డెబ్బై ఐదు రెట్లకి పైగా తక్కువ. కొన దగ్గర ఉయ్యాల దాదాపు ఆగినట్టే ఉంటుంది, ఎక్కి ఊగినవాళ్ళకి ఒంటికి తెలుసు ఆ సంగతి. మళ్ళిన క్షణాన్ని విలువనడిగి కనిపెట్టాలనుకుంటే, అది ఏమీ మాట్లాడని చోటికే వెళ్ళి అడుగుతున్నాం అన్నమాట. అక్కడ చిటికెడు నాయిస్ ఉన్నా అదే గెలుస్తుంది. ప్లస్, మైనస్, ప్లస్, మైనస్. గంట టకటకమని నాలుగుసార్లు కొట్టేస్తుంది.

పాత టీంకి ఇది తెలుసు. అందుకే డెడ్ బ్యాండ్ పెట్టారు. విలువ శిఖరం నుంచి కనీసం 0.02 దిగితేనే మళ్ళినట్టు లెక్క. ఎలక్ట్రానిక్స్‌లో ష్మిట్ ట్రిగ్గర్ అని చదువుతారే, ఆ ఐడియానే. మంచి ఐడియా. కానీ దాని ధర ఎంతో చూడండి. సైన్ వేవ్ 1 నుంచి 0.98కి దిగాలంటే పదకొండున్నర డిగ్రీలు తిరగాలి. 4 సెకన్ల ఊపులో అది 0.128 సెకన్లు. దాదాపు 8 ఫ్రేములు. కంటికి అది పెద్దగా ఆనదు, ఎందుకంటే ఉయ్యాల ఇంకా కొన దగ్గరే ఉన్నట్టుంటుంది. చెవికీ కాలికీ మాత్రం చాలా ఎక్కువ. తాళం మీద పెరిగిన మనిషికి ఇంకా ఎక్కువ. ఆ అమ్మాయి కరెక్టుగా కొన మీదే అడుగు వేస్తోంది. గంట ప్రతిసారీ సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యంగా మోగుతోంది.

డెడ్ బ్యాండ్ తగ్గిస్తే గంట వణుకుతుంది. పెంచితే లేటవుతుంది. తీసివేత పద్ధతిలో ఉన్నంతసేపూ ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సిందే. పైగా నాయిస్ అస్సలు లేకపోయినా, శిఖరం అని తెలిసేది శిఖరం దాటాకే. కనీసం ఒక ఫ్రేమ్ వెనకే ఉంటాం. ముందు మాత్రం ఎప్పటికీ ఉండలేం.

గడియారాన్ని అడిగితే ఈ బేరమే ఉండదు. సైన్ వేవ్ కింద ఒక ఫేజ్ ఉంటుంది. అది తిరగలిలా ఒకే వైపు పోతూ ఉంటుంది. కవ్వం ఎంత అటూ ఇటూ ఊగినా దాని అడుగున తిరుగుతున్నది తిరగలే. 0.25 దగ్గర పై కొన, 0.75 దగ్గర కింది కొన. ఫేజ్ తెలిస్తే ఇప్పుడు ఎక్కుతున్నామా దిగుతున్నామా అనేది కనిపెట్టాల్సిన విషయం కాదు, చదువుకోవాల్సిన విషయం. చుట్లు లెక్కపెట్టుకుంటూ పోతున్న ఫేజ్‌ని రెండుతో గుణించి, అర కలిపి, కింది పూర్ణాంకం తీసుకుంటే మళ్ళింపుల లెక్క వస్తుంది. సరి సంఖ్య అయితే ఎక్కుతోంది, బేసి అయితే దిగుతోంది. త్రికోణమైతే కొనలు సున్నా దగ్గర, సగం దగ్గర వస్తాయి కాబట్టి ఆ అర కలపక్కర్లేదు. అంతే. నాయిస్ ఎంతైనా కలుపుకో, అది బొమ్మకి వేసిన అలంకారం. గంటకి దాంతో పనిలేదు.

ఇంకో లాభం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మధ్యలో కంప్యూటర్ రెండు మూడు సెకన్లు బిగుసుకుపోయిందనుకోండి. తీసివేత పద్ధతికి ఆ మధ్యలో ఏం జరిగిందో తెలియదు. ఉయ్యాల ఒకసారి అటెళ్ళి ఇటొచ్చేసి ఉంటే, దాని లెక్కలో మళ్ళింపులు సున్నా. గడియారం లెక్కలో అంకె రెండు పెరిగి ఉంటుంది. ఏది మిస్సయ్యామో తెలుస్తుంది. స్పీకర్ దాకా శబ్దం వెళ్ళడంలో ఆలస్యం ఉంటే, ఫేజ్‌కి అంత కలిపి గంటని ముందే కొట్టించొచ్చు కూడా.

దీనికీ ఒక మెలిక ఉంది, అది దాచి నా వాదన గెలిపించుకోవడం నాకిష్టం లేదు. చాలామంది "టైంని పీరియడ్‌తో భాగించు" అని చెప్పి వదిలేస్తారు. షో మొదలై 602 సెకన్లయింది, పీరియడ్ 4 అనుకుందాం. 150.5 చుట్లు. ఇప్పుడు ఎవరో స్లైడర్ జరిపి పీరియడ్ 5 చేశారు. ఆ క్షణమే 602 బై 5, అంటే 120.4. ఒక్క ఫ్రేమ్‌లో ముప్ఫై చుట్లు వెనక్కి పోయాం, ఉయ్యాల 0.5 నుంచి 0.4కి ఎగిరి పడింది. కాబట్టి భాగించకూడదు, పోగెయ్యాలి. ప్రతి ఫ్రేమ్‌కీ గడిచిన సమయాన్ని అప్పటి పీరియడ్‌తో భాగించి, వచ్చినదాన్ని ఫేజ్‌కి కలుపుకుంటూ పోవాలి. స్పీడ్ ఎంత మార్చినా ఫేజ్ తెగదు. పోగేసిన ఫేజ్‌ని మళ్ళీ సున్నాకి తేవద్దు. దశాంశ భాగం బొమ్మకి, పూర్ణాంక భాగం లెక్కకి.

పోగెయ్యాలంటే పోయిన ఫ్రేమ్‌లో ఎంత ఉందో గుర్తుండాలి. ఇక్కడే నోడ్ల అసలు స్వభావం బయటపడుతుంది. మామూలు నోడ్‌కి జ్ఞాపకం ఉండదు. లోపలికేం వచ్చిందో దాన్నిబట్టే బయటికి ఇస్తుంది. దాని బయటి వైర్‌ని దాని లోపలికే కలపబోతే చాలా సాఫ్ట్‌వేర్లు ఒప్పుకోవు, ఎందుకంటే ఏది ముందు లెక్కించాలో తెలియదు. మధ్యలో ఒక ఆలస్యం పెట్టాలి. వీవీవీవీలో ఫ్రేమ్‌డిలే అన్నారు, ల్యాబ్‌వ్యూలో షిఫ్ట్ రిజిస్టర్ అన్నారు, సిమ్యులింక్‌లో యూనిట్ డిలే అన్నారు. బ్లెండర్ జామెట్రీ నోడ్స్‌కి 2023లో 3.6 వెర్షన్‌లో సిమ్యులేషన్ జోన్ వచ్చేదాకా పోయిన ఫ్రేమ్‌ని గుర్తుపెట్టుకునే దారి నోడ్ల లోపల లేదు. వేర్వేరు పేర్లు, విషయం ఒకటే. మన సెకండియర్ డిజిటల్ లాజిక్‌లో కాంబినేషనల్ సర్క్యూట్‌కీ సీక్వెన్షియల్ సర్క్యూట్‌కీ తేడా రాసి ఐదు మార్కులు తెచ్చుకుంటామే, డీ ఫ్లిప్‌ఫ్లాప్ బొమ్మ గీసి, సరిగ్గా అదే. పరీక్షలో రాసినప్పుడు నాకది బొమ్మ. గంటతో కలిపి చూసినప్పుడు అర్థమైంది, కాలాన్ని ఒక ఫ్రేమ్ పాటు చేతిలో పట్టుకోవడానికి అది ఉందని.

ఇక నా రెండో అభిప్రాయం. ఇది కొంచెం కోపంతో రాస్తున్నా. నాకు తెలిసిన ఒక కాలేజీలో ఒక ఫ్రెండ్ నోడ్లతో చేసిన మినీ ప్రాజెక్ట్ తీసుకెళ్తే, "కోడ్ ఎక్కడ?" అని వెనక్కి పంపారు. అదే పనిని రెండొందల లైన్లు టైప్ చేసి తెస్తే తీసుకుంటారట. నేను పైన రాసిన వాటిలో ఏది ప్రోగ్రామింగ్ కాదో చెప్పండి. స్థితిని గుర్తుపెట్టుకోవడం, దశాంశాల తికమక, నాయిస్, ఆలస్యం, హద్దు దగ్గర జరిగే తప్పు, ఇవన్నీ డబ్బాల్లోనే ఎదురయ్యాయి. టైప్ చేసినంత మాత్రాన వీటిలో ఒక్కటి కూడా పోదు. పైగా డబ్బాల్లో ఒక సుఖముంది, ప్రతి వైర్‌లో ఏం పారుతోందో కళ్ళముందే కనిపిస్తుంది. గంట ఎందుకు లేటైందో మాకు దొరికింది కూడా రెండు వైర్ల గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూస్తేనే.

ఇదేదో నిన్నమొన్న వచ్చిన పిల్లల ఆట అనుకునేవాళ్ళుంటారు. విలియం సదర్లాండ్ ఎంఐటీలో బొమ్మలు గీసి ప్రోగ్రామ్ రాయడం మీద పీహెచ్‌డీ చేసింది 1966లో. ల్యాబ్‌వ్యూ వచ్చింది 1986లో. మనలో చాలామంది స్కూల్లో పిల్లి బొమ్మతో ఆడుకున్న స్క్రాచ్ 2007లో వచ్చింది. ఆ పిల్లికి "అంచు తగిలితే వెనక్కి మళ్ళు" అని ఒక బ్లాక్ ఉంటుంది గుర్తుందా? అక్కడ దిశ పిల్లి దగ్గరే ఉంటుంది. ఎటు పోతున్నావని పిల్లి జాడలు చూసి కనిపెట్టక్కర్లేదు, దాన్నే అడగొచ్చు. చిన్నపిల్లల కోసం చేసినవాళ్ళకి తట్టిన ఆ సంగతి పెద్దవాళ్ళ పాచ్‌లలో చాలాసార్లు కనిపించదు.

ఈ వాదన మా రూంలో పెట్టినప్పుడు మా రూమ్మేట్ ఒక మంచి పాయింట్ లాగాడు. "నువ్వు చెప్పేది విలువ నీదైనప్పుడు. ఎవడో ఒకడు సెన్సర్ ముందు చెయ్యి ఊపుతున్నాడనుకో. వాడి చేతికి ఫేజ్ ఎక్కడుంది? గడియారం ఎక్కడుంది?" నిజమే. అక్కడ నా పద్ధతి చెల్లదు. మనిషి చెయ్యి, మైక్‌లో గొంతు, గాలికి ఊగే నిజమైన ఉయ్యాల, ఇవేవీ మనం పుట్టించిన విలువలు కావు. అక్కడ కనిపెట్టాల్సిందే, డెడ్ బ్యాండ్ ధర కట్టాల్సిందే. నా గొడవంతా ఈ రెండు పరిస్థితుల్నీ ఒకటే అనుకుని అన్నిచోట్లా తీసివేత నోడ్ పెట్టేయడం మీదే.

అయితే అక్కడ కూడా విలువని ఒంటరిగా అడగకపోతే మేలు. బంతి ఉన్న పాత మౌస్‌ని విప్పి చూసినవాళ్ళకి తెలుస్తుంది. లోపల గాట్లు ఉన్న చిన్న చక్రం, దాని పక్కన వెలుతుర్ని పట్టుకునే సెన్సర్లు. ఒక్క సెన్సరే ఉంటే వెలుగు, చీకటి, వెలుగు, చీకటి అని మాత్రమే తెలుస్తుంది. చక్రం ఎటు తిరిగినా అదే వరస. అందుకే రెండు పెట్టారు, ఒకదానికన్నా ఇంకోటి పావు వంతు వెనక ఉండేట్టు. ఏది ముందు వెలిగిందో చూస్తే దిశ తెలిసిపోతుంది. సైన్‌కి తోడు కొసైన్ ఉన్నట్టు. ఒకటి కొన దగ్గర ఆగిపోయి మౌనంగా ఉన్నప్పుడు రెండోది మధ్యలో పరిగెడుతూ గట్టిగా మాట్లాడుతుంది.

కాబట్టి వచ్చే సెమిస్టర్ ఎవరైనా సెన్సర్ పెట్టి స్టేజి మీద ఏదైనా చేయబోతుంటే, డబ్బులు కుదిరితే రెండు సెన్సర్లు కొనండి. కుదరకపోతే డెడ్ బ్యాండ్ ఎంత పెట్టారో దాని ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లో లెక్కేసి, ఆ అంకెని ఒక కాగితం మీద రాసి డాన్సర్లకి మొదటి రిహార్సల్ రోజే ఇవ్వండి.